వెయ్యి రూపాయల్లో మంచి వైన్: సీసా వెనక్కి తిప్పి చదవండి

ప్రశ్న: మా వారు ఈమధ్యే రిటైరయ్యారు. వచ్చే నెల మా పెళ్లిరోజుకి సింగపూర్ నుంచి అబ్బాయి, కోడలు వస్తున్నారు. వాళ్లిద్దరికీ అప్పుడప్పుడు భోజనంతో పాటు ఒక గ్లాసు వైన్ తాగే అలవాటుంది. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ కొనలేదు. ఈసారి నేనే తెచ్చి పెడదామని సిరిపురం వైపు ఒక షాపుకి వెళ్లాను. ఒక సీసా మీద డ్రై అని ఉంది, ఇంకోదాని మీద రిజర్వ్, మరోదాని మీద బ్రూట్. వెనకాల 'సల్ఫైట్లు ఉన్నాయి' అని చూసి టెన్షన్ పట్టుకుంది. షాపులో అబ్బాయి రెండు వేల ఐదు వందల ఇంపోర్టెడ్ సీసా చూపించి 'ఇదే మంచిది మేడమ్' అన్నాడు. పక్కన పోర్ట్ వైన్ చాలా తక్కువకే ఉంది. నా బడ్జెట్ సీసాకి వెయ్యి, మహా అయితే పన్నెండు వందలు. వంటలు మాత్రం మనవే: వంజరం వేపుడు, రొయ్యల ఇగురు, మటన్ కూర. మా వారికి షుగర్ ఉంది, ఆయన ఒక గ్లాసు తాగవచ్చా? రెడ్ వైన్ తాగితే రక్తం పడుతుందంటారు, నిజమేనా? ఏం కొనాలి, లేబుల్ ఎలా చదవాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: మీ బడ్జెట్ చిన్నదేమీ కాదండీ. ఆ డబ్బుకి మన దేశంలో తయారైన మంచి వైన్ కొనుక్కోవచ్చు. ఆ డబ్బుకి దొరకనిది మంచి విదేశీ వైన్. షాపులో ఆ అబ్బాయి చూపించిన సీసా దగ్గర్నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే.

బయటి దేశాల వైన్ మీద మన దిగుమతి సుంకం మామూలుగా 150 శాతం. రవాణా, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి మన రేవుకి చేరేసరికి మూడు వందల రూపాయలు పడిన సీసా అనుకోండి. దాని మీద సుంకమే నాలుగు వందల యాభై. ఆ పైన దిగుమతి చేసినవాళ్ల లాభం, రాష్ట్ర ఎక్సైజ్, షాపు లాభం వరసగా ఎక్కుతాయి. చివరికి మీరు రెండు వేల పైన పెట్టి కొన్నదాంట్లో వైన్ విలువ ఆ మూడు వందలే. ఆస్ట్రేలియా సీసాల మీద సుంకం తగ్గింది కదా అని కొందరు అంటారు. తగ్గిన మాట నిజమే. 2022 డిసెంబర్ 29 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం ప్రకారం సుంకం ముందు 100 శాతానికి దిగింది, ఆ తర్వాత ఏటా కొంచెం కొంచెం తగ్గుతోంది. కానీ దిగుమతి ధర సీసాకి 5 డాలర్లు దాటితేనే ఆ తగ్గింపు. మరీ చవక రకాలకి అది వర్తించదు. అందుకే మన చేతిలో వెయ్యి, పన్నెండు వందలు ఉన్నప్పుడు ఇక్కడి వైన్ కొనడమే న్యాయం. ఇది దేశాభిమానంతో చెబుతున్నది కాదు, లెక్క అలా ఉంది.

పైగా ఇక్కడి వైన్‌ని తక్కువ చేసి చూడాల్సిన రోజులు పోయాయి. నాసిక్‌లో సులా వాళ్ల మొదటి వైన్ 2000లో బయటికొచ్చింది. బెంగళూరు దగ్గర నంది హిల్స్‌లో గ్రోవర్ వాళ్లు అంతకన్నా ముందే, 1988లో మొదలుపెట్టారు. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి తోటలున్నాయి. పేరు ఇటాలియన్‌లో ఉందని అది విదేశీ సీసా అనుకోకండి. గ్రోవర్ వాళ్ల 'లా రిజర్వ్' కూడా అంతే, పేరు ఫ్రెంచ్, ద్రాక్ష మన దక్కను నేలది. ముందు లేబుల్ మీద పేరు, కోట బొమ్మ, బంగారు అక్షరాలు కంపెనీ ఇష్టం. మీకు కావలసిన సమాచారమంతా వెనక లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని వెళ్లండి, మొహమాటపడకుండా సీసా చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పండి.

ఆల్కహాల్ పానీయాలకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) పెట్టిన నిబంధనలు 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏ దేశం లేదా రాష్ట్రం నుంచి వచ్చింది, ఏ ద్రాక్షతో చేసింది, తీపి ఏ స్థాయిలో ఉంది, ఆల్కహాల్ ఎంత అనేవి లేబుల్ మీద ఉండాలి. వీటిలో మీకు అన్నిటికన్నా ముఖ్యం తీపి. కొత్తగా వైన్ కొనేవాళ్లు బోల్తాపడేది కూడా ఇక్కడే.

డ్రై అంటే ద్రాక్షలోని చక్కెర దాదాపు మొత్తం పులిసి ఆల్కహాల్‌గా మారిపోయింది, తీపి మిగల్లేదు అని. మామూలుగా లీటరుకి 4 గ్రాముల లోపు. పులుపు బాగా ఉన్న వైన్ అయితే 9 గ్రాముల దాకా డ్రై కిందే లెక్క. ఆ పైన మీడియం డ్రై, ఆ తర్వాత మీడియం స్వీట్, 45 గ్రాములు దాటితే స్వీట్. డ్రై వైన్‌లో పండు వాసన ఘుమఘుమలాడుతుంది కాబట్టి తియ్యగా ఉంటుందేమో అనిపిస్తుంది, కానీ వాసన వేరు, తీపి వేరు. మీ కోడలు తాగే రకం ఏదో ఫోన్‌లో ఒక్క మాట అడగండి. 'డ్రై ఇష్టమా, కొంచెం తీపి ఉండాలా' అని అడిగితే చాలు, సగం పని అయిపోతుంది.

నురగ వచ్చే స్పార్క్‌లింగ్ వైన్ దగ్గర మాత్రం ఈ మాటలే తికమక పెడతాయి. బ్రూట్ అంటే లీటరుకి 12 గ్రాముల లోపు చక్కెర. 'ఎక్స్‌ట్రా డ్రై' అని ఉంటే అది ఇంకా తక్కువ తీపి అనుకుంటాం. నిజానికి దాంట్లో బ్రూట్ కన్నా ఎక్కువ తీపి ఉంటుంది, 12 నుంచి 17 గ్రాముల దాకా. డెమీ సెక్ అంటే 32 నుంచి 50, అది స్పష్టంగా తియ్యగానే ఉంటుంది. పెళ్లిరోజు కాబట్టి ఒక నురగ సీసా ఉండాలనిపిస్తే మన దేశంలో చేసిన బ్రూట్ తీసుకోండి. వేపుళ్లతో అది చాలా బాగుంటుంది. నూనె జిడ్డుని ఆ బుడగలు, పులుపు కలిసి కడిగేస్తాయి.

తర్వాత చూడాల్సింది ఆల్కహాల్ శాతం. దాన్ని బట్టి సీసాలో ఏముందో చాలావరకు ఊహించవచ్చు. తేలికపాటి వైట్ వైన్లు 11 నుంచి 12.5 మధ్య, రెడ్ వైన్లు 13, 14 దగ్గర ఉంటాయి. 7, 8 అని ఉంటే చక్కెర పూర్తిగా పులవకముందే ఆపేశారని, తియ్యగా ఉండే అవకాశం ఎక్కువని అర్థం. 19, 20 అని ఉంటే విడిగా స్పిరిట్ కలిపిన వైన్. అసలు పోర్ట్ అలాంటిదే. పోర్చుగల్‌లో డోరో లోయ ద్రాక్షతో, పులుస్తుండగానే ద్రాక్ష స్పిరిట్ కలిపి ఆపేస్తారు కాబట్టి అది ఘాటుగానూ తియ్యగానూ ఉంటుంది. భోజనం తర్వాత చిన్న గ్లాసులో తాగేది అది. ఇక్కడ పోర్ట్ పేరుతో చవగ్గా వచ్చేవి చాలావరకు తియ్యని రెడ్ వైన్లే. మీ భోజనానికి అది కుదరదు. షుగర్ ఉన్న ఇంట్లో అసలే వద్దు.

వైన్ తేలిక అనుకునేవాళ్లకి ఒక లెక్క చెప్పాలి. 13 శాతం ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 97 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం ఉండే మామూలు విస్కీ లార్జ్ పెగ్గులో, అంటే 60 మిల్లీలీటర్లలో, ఉండేది సుమారు 26. అంటే ఒక వైన్ సీసా ఖాళీ చేసినవాళ్లు నాలుగు లార్జ్ పెగ్గులకి కొంచెం తక్కువ తాగినట్టు. మెల్లగా తాగుతాం కాబట్టి తెలీదు, అంతే.

ఇక సంవత్సరం. లేబుల్ మీద వేసేది ద్రాక్ష కోసిన ఏడాది. పాతదైతే మంచిదన్న మాట ఈ ధరలో వైన్లకి వర్తించదు. దాచిపెట్టడానికి చేసే వైన్లు వేరే ఉంటాయి, వాటి ధరలూ వేరే. మీరు కొనే వైట్ వైన్, రోజే అనే గులాబీ రంగు వైన్ ఎంత కొత్తవైతే అంత తాజాగా ఉంటాయి, ఒకటి రెండేళ్లు దాటినవి వద్దు. రెడ్ అయితే మూడు, నాలుగేళ్ల దాకా పర్వాలేదు. నాసిక్‌లో కోత జనవరి నుంచి మార్చి మధ్య జరుగుతుంది కాబట్టి ఆ ఏడాది పంటే ఆ ఏడాది చివరికి షాపులో కనిపించినా ఆశ్చర్యపోకండి.

రిజర్వ్ గురించి అడిగారు. స్పెయిన్‌లో ఆ మాటకి చట్టం ఉంది. అక్కడి రియోహా ప్రాంతంలో రెడ్ వైన్ మీద క్రియాన్సా అని రాయాలంటే రెండేళ్లు, అందులో ఒక ఏడాది చెక్క పీపాలో ఉండాలి. రిజర్వా అంటే మూడేళ్లు. గ్రాన్ రిజర్వా అంటే ఐదేళ్లు, అందులో రెండేళ్లు పీపాలో. ఇతర దేశాల సీసాల మీద ఇంగ్లీషులో రిజర్వ్ అని ఉంటే మాత్రం అది చాలాచోట్ల కంపెనీ పెట్టుకున్న పేరే. మంచి కంపెనీలు పీపాలో ఉంచిన మేలు రకానికే ఆ పేరు వాడతాయి, అది వాళ్ల మర్యాద. 'ఓల్డ్ వైన్స్' (పాత ద్రాక్ష తీగలు అని), 'ప్రీమియం', 'సెలెక్ట్' లాంటి మాటలకి అంత విలువ ఇవ్వకండి. సీసా బరువు, అడుగున గుంట లోతు చూసి ధర ఎక్కువ పెట్టడం కూడా అనవసరం. ద్రాక్ష పేరు మాత్రం ఉపయోగపడుతుంది. ఒక్క ద్రాక్ష పేరే రాయాలంటే యూరప్‌లో కనీసం 85 శాతం అదే ఉండాలి.

సల్ఫైట్లకి భయపడకండి. వైన్ చెడిపోకుండా, రంగు మారకుండా వేసే గంధకపు సమ్మేళనం అది. వైన్ పులిసేటప్పుడు కొంత దానంతట అదే తయారవుతుంది కూడా. లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటితే లేబుల్ మీద రాయాలన్నది రూలు, దాదాపు ప్రతి సీసా ఆ గీత దాటుతుంది. కాబట్టి ఆ మాట రాసి ఉన్న సీసా చెడ్డదని కాదు. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి మాత్రం ఇవి పడవు, ఆయాసం వస్తుంది. ఇంట్లో అలాంటివాళ్లుంటే జాగ్రత్త.

లేబుల్ మీద ఎవరూ రాయని విషయం ఒకటుంది. మన విశాఖలో దానికి లేబుల్ అంత ప్రాముఖ్యం ఇవ్వాలి. అది సీసా ఎక్కడ, ఎంత వేడిలో నిలవుందన్నది. వైన్ పదిలంగా ఉండేది 12, 15 డిగ్రీల మధ్య. మన దగ్గర ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇంట్లోనే 32, 33 డిగ్రీలు ఉంటుంది. రేకుల గోడౌన్‌లో ఎంతుంటుందో ఊహించుకోండి. వేడికి లోపలి వైన్ ఉబ్బి కార్క్‌ని పైకి నెడుతుంది, సందులోంచి గాలి దూరుతుంది. తాజా పండు వాసన పోయి ఉడికించిన పండు వాసన వస్తుంది. అందుకే కొనేముందు సీసా మెడ దగ్గర వేలితో తడిమి చూడండి. కార్క్ అంచు పైకి ఉబికి ఉన్నా, మూత కింద జిగటగా కారిన చార ఉన్నా, మెడలో వైన్ మట్టం పక్క సీసాల కన్నా తక్కువగా ఉన్నా పెట్టేయండి. ఎండ పడే అద్దాల అరలో నిలబెట్టిన సీసా ఎంత తగ్గింపు ఇచ్చినా తీసుకోకండి. ఏసీ ఉన్న షాపు, అందులోనూ వైన్ బాగా అమ్ముడయ్యే షాపు చూసుకోండి. సరుకు త్వరగా మారుతుంటే పాతబడదు. 2024 అక్టోబర్ 16 నుంచి రాష్ట్రంలో మళ్లీ ప్రైవేటు షాపులు వచ్చాయి కాబట్టి రెండు మూడు చోట్ల చూసి ఎంచుకునే వీలుంది. ఎమ్మార్పీ సీసా మీదే ఉంటుంది, ఎక్సైజ్ హోలోగ్రామ్ స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉందో లేదో కూడా చూసుకోండి.

మూత తిప్పి తీసే స్క్రూ క్యాప్ ఉంటే చులకనగా చూడకండి. కొత్తగా తాగే వైన్‌కి అది కార్క్ కన్నా నమ్మకమైనది. మీ ఇంట్లో కార్క్ తీసే పరికరం కూడా ఉండకపోవచ్చు, ఆ బాధా లేదు. కొన్నాక నేరుగా ఇంటికి వెళ్లండి. కారు డిక్కీలో పెట్టి బీచ్ రోడ్డు ఎండలో రెండు గంటలు పార్క్ చేస్తే షాపువాడు పడ్డ జాగ్రత్తంతా వృథా. ఇంట్లో పండగ దాకా ఫ్రిజ్ కింది అరలో ఉంచండి, నెల రోజులకి ఏమీ కాదు.

ఇప్పుడు మీ వంటలు. మన కారానికి, మసాలాకి చిక్కటి రెడ్ వైన్ పడదు. రెడ్‌లో టానిన్ ఉంటుంది, వక్క నమిలితే నాలుక పట్టేసినట్టుండే వగరు అది. రొయ్యల ఇగురు కారం మీద ఆ వగరు, ఎక్కువ ఆల్కహాల్ పడితే మంట రెట్టింపై వైన్ చేదెక్కుతుంది. చేపతో అయితే నోట్లో నీచు, ఇనుప రుచి మిగులుతుంది. అంతంత డబ్బు పోసి తెచ్చిన రెడ్ మీద 'ఏం బాగాలేదు' అని పెదవి విరిచేవాళ్లలో చాలామంది దాన్ని తప్పు కూరతో తాగినవాళ్లే. వంజరం వేపుడుకి, రొయ్యలకి చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ తీసుకోండి. నాసిక్ వాళ్లు దీన్ని బాగా చేస్తారు, చాలావాటిలో ఒక పిసరు తీపి ఉంటుంది, ఆ పిసరే కారాన్ని చల్లారుస్తుంది. కోడలికి పూర్తి డ్రై ఇష్టమైతే సావిన్యాన్ బ్లాంక్, అదీ వైట్ వైనే. వేపుడు మీద నిమ్మకాయ పిండితే ఎంత బాగుంటుందో, ఆ పులుపు పని ఇది చేస్తుంది. మటన్‌కి ఒక రెడ్ ఉండాలనుకుంటే మెర్లో గానీ, పీపా వాసన ఎక్కువ లేని షిరాజ్ గానీ తీసుకుని, ఆ రోజు కూరలో కారం కొంచెం తగ్గించి మిరియాలు, ధనియాలు పెంచండి. నన్నడిగితే రెడ్ మానేసి డ్రై రోజే తీసుకోమంటాను. గులాబీ రంగులో ఉండే ఆ వైన్ చేపతోనూ, మటన్‌తోనూ సర్దుకుపోతుంది. ఒక్క రకమే కొనే బడ్జెట్ అయితే అదే.

చల్లదనం సంగతి. 'రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలి' అనేది చలి దేశాల గదుల గురించి చెప్పిన మాట, 16, 18 డిగ్రీల గది అది. మన హాల్లో 30 డిగ్రీల్లో పెట్టిన రెడ్ నుంచి స్పిరిట్ వాసన తప్ప ఏమీ రాదు. అప్పటిదాకా బయటున్న రెడ్ సీసాని భోజనానికి ముందు అరగంట, ముప్పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రిజ్‌లోనే ఉంటే ముందే తీసి బయట పెట్టండి. వైట్, రోజే ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకి పోయండి. ఐస్ ముక్కలు వేయకండి, పల్చబడిపోతుంది. గ్లాసు సగానికి మించి నింపకండి, వాసన తిరగడానికి చోటుండాలి. మిగిలితే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది.

మీ వారి విషయంలో మాత్రం నా మాట కాదు, ఆయన డాక్టర్ మాటే ఫైనల్. ఎందుకో చెప్తాను. కాలేయం ఆల్కహాల్‌ని తొలగించే పనిలో పడితే రక్తంలోకి గ్లూకోజ్ వదిలే పని మందగిస్తుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకి అర్ధరాత్రి షుగర్ బాగా పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు, వణుకు, తడబాటు చూసి మత్తు అనుకుని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు, అదే అన్నిటికన్నా భయం. డాక్టర్ సరే అంటే డ్రై రకం, ఒక్క చిన్న గ్లాసు, అదీ కడుపునిండా తింటూ. 150 మిల్లీలీటర్ల డ్రై వైన్‌లో చక్కెర అర గ్రాము, మరీ అయితే గ్రామున్నర. తియ్యటి రకంలో అదే గ్లాసుకి దాదాపు ఏడు గ్రాములో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. డాక్టర్ వద్దంటే బలవంతం చేయకండి, సోడాలో నిమ్మరసం, ఉప్పు వేసి అదే గ్లాసులో పోసివ్వండి.

రక్తం పడుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. రక్తహీనత ఉంటే పరీక్ష చేయించుకుని మందు వాడాలి. గుండెకి మంచిదన్న మాట కూడా ఇప్పుడు నిలబడటం లేదు. ఆరోగ్యానికి హాని చేయని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మీ పిల్లలతో కలిసి కూర్చుని ఆనందంగా ఒక గ్లాసు తాగడానికి ఆరోగ్యం సాకు అక్కర్లేదు. ఇప్పటిదాకా అలవాటు లేని మీరు, మీ వారు ఆరోగ్యం కోసమని మొదలుపెట్టాల్సిన పని మాత్రం లేదు.

ఎన్ని కొనాలి? సీసాకి ఐదు గ్లాసులు వస్తాయి. నలుగురికి చెనిన్ బ్లాంక్ ఒక సీసా, రోజే వైన్ ఒక సీసా చాలు. మీ బడ్జెట్‌లో రెండూ వస్తాయి. విదేశీ వైన్ కూడా ఒకటి ఉంటే బాగుండు అనిపిస్తే మీ అబ్బాయికి చెప్పండి, వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్ డ్యూటీ ఫ్రీలో తెస్తాడు. కస్టమ్స్ నిబంధనల ప్రకారం మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే ఒక్కొక్కరు రెండు మామూలు సీసాలు. బయటి సీసా కొనడానికి సరైన చోటు అదే, అక్కడ డబ్బు సుంకానికి కాకుండా వైన్‌కి వెళ్తుంది. అది రెడ్ అయితే ఆ రాత్రి మటన్‌తో తెరవండి.

ఆ రోజు బంధువులెవరినైనా పిలిస్తే, గాజువాక వైపో మధురవాడ వైపో బండి మీద వెళ్లాల్సినవాళ్లకి పోయకండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద కేసు పెడతారు. కొందరికి ఒకటి రెండు గ్లాసులకే ఆ హద్దు దాటిపోతుంది. తాగినవాళ్లకి క్యాబ్ బుక్ చేసి పంపండి, లేదా ఆ రాత్రికి మీ ఇంట్లోనే పడుకోమనండి.